మదర్‌బోర్డు పోయినప్పుడు ఏ దారి మేలు: బాగుచేయించడమా, అదే తరం బోర్డు కొనడమా, మొత్తం మార్చడమా?

డెస్క్‌టాప్ కంప్యూటరులో మదర్‌బోర్డు పాడైందని తేలాక యజమాని ముందు నాలుగు దారులుంటాయి. ఉన్న బోర్డునే చిప్ లెవెల్ సర్వీసుకు (బోర్డు మీద పోయిన చిన్న భాగాలను విడిగా మార్చే పనికి) ఇచ్చి బాగుచేయించుకోవచ్చు. ఉన్న ప్రాసెసరుకు, ర్యామ్‌కు సరిపడే సెకండ్ హ్యాండ్ బోర్డు వెతుక్కోవచ్చు. అదే సాకెట్టుకు (ప్రాసెసరు కూర్చునే గూడుకు) కొత్త బోర్డు దొరికితే కొనుక్కోవచ్చు. లేదా బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మూడూ కలిపి మార్చి కొత్త తరంలోకి వెళ్లిపోవచ్చు. విశాఖపట్నంలో ద్వారకానగర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో షాపు కౌంటరు దగ్గర అడిగితే ఈ నాలుగింటికీ నాలుగు ధరలు చెబుతారు, మనం వాటిలో మన జేబుకు తగినదాన్ని ఎంచుకుంటాం. నా అభిప్రాయంలో ఆ పోలిక తలకిందులుగా జరుగుతోంది. బోర్డు ఒంటరిగా పనికొచ్చే వస్తువు కాదు కనుక, దాని మీద కూర్చోబోయే ప్రాసెసరుకూ ర్యామ్‌కూ ఇంకా ఎంత కాలం పని మిగిలి ఉందో ముందు లెక్కగట్టి, ఆ తరువాతే బోర్డు మీద ఎంత పెట్టవచ్చో నిర్ణయించుకోవాలి.

పోయింది బోర్డేనా?

కంప్యూటరు ఆన్ కాకపోతే మొదటి అనుమానం బోర్డు మీదకే పోవడం సహజం గానీ, చవకగా సరిచేసుకోగలిగిన కారణాలను ముందు తోసిపుచ్చాలి. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరుకు విద్యుత్తు అందించే పెట్టె) బలహీనపడినా, ర్యామ్ కాళ్ల మీద మసి పట్టినా, బోర్డు మీదున్న సీఆర్2032 బ్యాటరీ అయిపోయినా, క్యాబినెట్ పవర్ బటన్ నొక్కుకుపోయినా బయటికి కనిపించే లక్షణాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు కాళ్లను మెత్తని రబ్బరుతో తుడిచి, ఒక్కొక్క స్లాటులో ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. మూడు వోల్టుల బ్యాటరీ రెండున్నర వోల్టుల దగ్గరకు పడిపోయి ఉంటే మార్చేయాలి. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం, అంతే సామర్థ్యమున్న మరొక దానితో మార్చి చూడడమే నమ్మకమైన పరీక్ష. మల్టీమీటరుతో చూసేటట్లయితే, కంప్యూటరు ఆన్ అయి ఉన్నప్పుడు పసుపు తీగలో 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపు తీగలో 4.75 నుంచి 5.25 వోల్టులు ఉండాలి. ఈ హద్దులు దాటిన ఎస్‌ఎంపీఎస్‌కు కొత్త బోర్డు తగిలిస్తే అది కూడా పాత బోర్డు వెళ్లిన దారినే వెళ్లే ప్రమాదముంది.

బోర్డులో ఒక్క భాగమే పోయి మిగిలినదంతా బాగుండే సందర్భాలు మరీ ముఖ్యం, ఎందుకంటే వీటిలో బోర్డు మార్చనే అక్కర్లేదు. విశాఖలో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో వానలు పడతాయి, డాబాల మీదుగా స్తంభాల మీదుగా లాగిన ఇంటర్నెట్ తీగల గుండా వచ్చే విద్యుత్ తాకిడికి నెట్‌వర్క్ పోర్టు ఒక్కటే కాలిపోవడం ఇక్కడి మెకానిక్‌లకు తెలిసిన విషయమే. అలాంటప్పుడు స్లాటులో పెట్టుకునే నెట్‌వర్క్ కార్డో, యూఎస్‌బీకి తగిలించుకునే అడాప్టరో కొంటే సరిపోతుంది. ఆడియో పోయినా అంతే, చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డుతో పని జరిగిపోతుంది. అయితే ఒక పోర్టు పోయిన బోర్డు అప్పుడప్పుడు తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటే, లేదా చిప్‌సెట్ (బోర్డులోని భాగాలను కలిపి నడిపే ప్రధాన చిప్) మీది హీట్‌సింకు (వేడిని లాగే లోహపు ముక్క) అసాధారణంగా కాలుతుంటే, తాకిడి లోపలిదాకా వెళ్లిందని అర్థం. అప్పుడు కార్డుతో సర్దుకుపోకుండా డేటాను వెంటనే వేరే డిస్కులోకి తీసిపెట్టుకోవాలి.

సముద్రం దగ్గరుండే బోర్డుల సంగతి

ఏ దారి ఎంచుకోవాలో తేల్చేటప్పుడు బోర్డు ఎందుకు పోయిందన్నది ఇక్కడ ఇతర ఊళ్లలో కంటే ఎక్కువ తూగుతుంది. లాసన్స్ బే, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ వంటి చోట్ల సముద్రపు గాలి మోసుకొచ్చే సన్నని ఉప్పు బోర్డు మీద పేరుకుంటుంది. ఉప్పుకు చెమ్మను లాక్కునే గుణం ఉంది కనుక, దుమ్ముతో కలిసిన ఆ పొర తడిసినప్పుడల్లా విద్యుత్తును కొద్దికొద్దిగా ప్రవహింపజేస్తుంది, రాగి దారుల మీద చిలుము పట్టిస్తుంది. పోర్టుకు దగ్గరున్న పాతపట్నం వైపు బొగ్గు ధూళి కూడా దీనికి తోడవుతుంది, చెమ్మ పట్టిన బొగ్గుపొడి కూడా విద్యుత్తును కొంతవరకు పోనిచ్చేదే. ఏసీ గదిలో ఉన్న కంప్యూటరుకు ఈ బెడద తక్కువ, రోజంతా తెరిచిన కిటికీ పక్కన నడిచే దానికి ఎక్కువ.

క్యాబినెట్ పక్క మూత తీసి, టార్చి వెలుగులో ర్యామ్ స్లాట్ల చివరలు, వెనుక పోర్టుల టంకాలు, స్క్రూ రంధ్రాల చుట్టూ ఉన్న వలయాలు చూడండి. ఆకుపచ్చని లేదా తెల్లని పొడి కనిపిస్తే అది చిలుము. ఇలాంటి బోర్డుకు ఒకచోట బాగుచేయించినా మరికొన్ని నెలలకు మరొకచోట దారి తెగుతుంది, కాబట్టి రిపేరు ఎంత చవకగా వచ్చినా నేను దాన్ని సిఫారసు చేయను. వారంటీలో ఉన్న బోర్డుకు కూడా తుప్పు, నీటి మరకలు, విరిగిన ముక్కలు ఉంటే తయారీదారులు సాధారణంగా ఒప్పుకోరు. అందువల్ల కొత్త బోర్డు కొన్నా వారంటీ కాగితాన్ని మాత్రమే నమ్ముకుని కిటికీ పక్కన పెట్టుకోవడం తెలివైన పని కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పగిలిన కిటికీల గుండా గదుల్లోకి కొట్టిన జల్లులో తడిసిన యంత్రాల వంటివి రిపేరు లెక్కలోకే రావు.

చిలుము లేకుండా, కరెంటు హెచ్చుతగ్గుల వల్లో వయసు వల్లో పోయిన బోర్డు సంగతి వేరు. దానికి రిపేరు నిజమైన ప్రత్యామ్నాయమే.

రిపేరు ఎప్పుడు గిట్టుబాటు?

చిప్ లెవెల్ సర్వీసు అంటే అన్నీ ఒకే రకం పని కాదు, దేనికి ఎంత నమ్మకం ఉంచవచ్చో విడివిడిగా తెలుసుకోవాలి. ప్రాసెసరు చుట్టూ ఉండే కెపాసిటర్లు తల ఉబ్బి కనిపిస్తే వాటిని మార్చడం సులువు, ఫలితం కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. 2000 దశకం బోర్డుల్లో నాసిరకం ద్రవం నింపిన కెపాసిటర్ల వల్ల ఇది పెద్ద జబ్బుగా ఉండేది. ఇప్పటి బోర్డుల్లో ఘన కెపాసిటర్లు వాడడం వల్ల అరుదైంది. బయాస్ చిప్‌లోని, అంటే ఆన్ చేయగానే బోర్డును మేల్కొలిపే చిప్‌లోని, ప్రోగ్రాం చెడిపోవడం మరొక తేలికైన జబ్బు: ఎనిమిది కాళ్లున్న ఆ చిన్న చిప్‌ను ప్రోగ్రామర్ యంత్రంలో పెట్టి తిరిగి రాస్తారు, అవసరమైతే కొత్తది వేస్తారు. బయాస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి నిలిచిపోయిన బోర్డుకు ఇదే మందు. ప్రాసెసరుకు విద్యుత్తు అందించే మాస్‌ఫెట్ ఒకటి షార్ట్ అయితే దాన్ని మార్చవచ్చు, కానీ దానితో పాటు దాన్ని నడిపే కంట్రోలర్ చిప్ కూడా పోయి ఉండవచ్చు. ప్రాసెసరుకే దెబ్బ తగిలిన అవకాశమూ ఉంది కనుక, మార్చాక వేరే మంచి ప్రాసెసరుతో కొంతసేపు నడిపి చూపించమనాలి.

అసలు జాగ్రత్త పడవలసింది చిప్‌సెట్ దగ్గర. పోయిన చిప్‌సెట్‌ను వేడి గాలితో కాసేపు కాల్చి బోర్డును బతికించే పద్ధతి ఒకటుంది. ఆ వేడికి కొన్ని రోజులో కొన్ని వారాలో పనిచేసి మళ్లీ ఆగిపోతుంది. చిప్‌ను పూర్తిగా తీసి, కింది టంకపు గోళీలు కొత్తవి వేసి అతికించే రీబాలింగ్ దానికంటే మెరుగైనదే గానీ, లోపలి చిప్ కాలిపోయి ఉంటే గోళీలు మార్చినా ఉపయోగం లేదు. కొత్త చిప్ వేయాలి, ఆ ఖర్చుకు సెకండ్ హ్యాండ్ బోర్డు వచ్చేస్తుంది. కనుక మెకానిక్‌ను ముందే సూటిగా అడగండి: ఏ భాగం పోయింది, ఏమి మారుస్తారు, తీసిన ముక్కను చూపిస్తారా, ఎన్ని రోజుల గ్యారంటీ ఇస్తారు, అది బిల్లు మీద రాస్తారా? భాగం పేరు చెప్పకుండా సెట్ చేసేస్తామని మాత్రమే చెప్పే చోట బోర్డు ఇవ్వకపోవడం మంచిది.

నేను పాటించే హద్దు ఒకటుంది. అదే సాకెట్టుకు మంచి స్థితిలో ఉన్న బోర్డు దొరికే ధరలో మూడో వంతు లోపు రిపేరు ఖర్చు ఉంటే చేయించవచ్చు. సగం దాటితే వద్దు. ఈ రెంటి మధ్యలో ఉంటే, పోయిన భాగం కెపాసిటరో బయాసో అయితే సరేననాలి, చిప్‌సెట్ అయితే కాదనాలి. ఈ హద్దుకు ఒక మినహాయింపు ఉంది, అది పాత పోర్టులతో పనిచేసే కంప్యూటర్లది. గాజువాక ఆటోనగర్‌లోని ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ప్యారలల్ పోర్టు మీద నడుస్తూ ఉండవచ్చు, వేబ్రిడ్జి దగ్గర తూకం సీరియల్ పోర్టు ద్వారా వస్తూ ఉండవచ్చు, ఏదో ల్యాబ్ పరికరం తాలూకు పాత పీసీఐ కార్డు కొత్త బోర్డుల్లో పట్టకపోవచ్చు. అలాంటి చోట బోర్డు మార్చడమంటే ప్రింటరు, సాఫ్ట్‌వేరు, ఒక్కోసారి యంత్రమే మార్చడం. అక్కడ రిపేరుకు కొత్త బోర్డు ధరంతా పెట్టినా నష్టం లేదు. అదే నమూనా బోర్డు ఒకటి విడిగా దొరికితే అదనంగా కొని, గాలి చొరని సంచిలో సిలికా జెల్ పొట్లంతో దాచుకోవడం ఇంకా మంచిది.

సాకెట్టు లెక్క

రిపేరు కుదరకపోతే అదే ప్రాసెసరుకు బోర్డు వెతకాలి. ఇక్కడ డబ్బు పోగొట్టుకునే అవకాశం ఎక్కువ గనుక కాస్త ఓపికగా చూడాలి. ఇంటెల్ వైపు 2011లో వచ్చిన ఎల్‌జీఏ 1155 సాకెట్టులో రెండో, మూడో తరం ప్రాసెసర్లు కూర్చుంటాయి, 2013 నాటి ఎల్‌జీఏ 1150లో నాలుగో తరం కూర్చుంటుంది, ఇవి రెండూ డీడీఆర్3 ర్యామ్ వాడేవి. 2015లో వచ్చిన ఎల్‌జీఏ 1151 దగ్గర పెద్ద మెలిక ఉంది: ఆరు, ఏడు తరాలకూ ఎనిమిది, తొమ్మిది తరాలకూ సాకెట్టు పేరు ఒక్కటే, కాళ్ల సంఖ్య ఒక్కటే, ప్రాసెసరు లోపల చక్కగా కూర్చుంటుంది కూడా. కానీ విద్యుత్ అమరిక వేరు కనుక పనిచేయదు. ఆరు, ఏడు తరాలకు హెచ్110, బీ150, బీ250 చిప్‌సెట్ బోర్డులు కావాలి, ఎనిమిది, తొమ్మిది తరాలకు హెచ్310, బీ360, బీ365 కావాలి. సాకెట్టు నంబరు మాత్రమే చెప్పి కొంటే ఇంటికొచ్చాక తెల్ల తెర కాదు, అసలు తెరే రాదు.

2020లో వచ్చిన ఎల్‌జీఏ 1200లోనూ ఇలాంటివే చిన్న మెలికలున్నాయి. మొదట వచ్చిన హెచ్410, బీ460 బోర్డులు పదో తరాన్ని తీసుకుంటాయి గానీ పదకొండో తరాన్ని తీసుకోవు. హెచ్510, బీ560 బోర్డులు రెండింటినీ తీసుకుంటాయి. అయితే బీ560లో ప్రాసెసరుకు నేరుగా కలిసే ఎం.2 స్లాటు పదకొండో తరంతోనే పనిచేస్తుంది కనుక, పదో తరం ప్రాసెసరున్నవారు తమ ఎస్‌ఎస్‌డీని రెండో స్లాటులో పెట్టుకోవాలి. 2021 చివర్లో వచ్చిన ఎల్‌జీఏ 1700 పన్నెండు, పదమూడు, పద్నాలుగు తరాలకు పనికొస్తుంది. కానీ ఒకే చిప్‌సెట్‌తో డీడీఆర్4 బోర్డులూ డీడీఆర్5 బోర్డులూ విడివిడిగా వస్తాయి. ఒకదాని ర్యామ్ ఇంకొకదానిలో దూరదు, గాటు వేరేచోట ఉంటుంది. ఏఎండీ వైపు లెక్క సులువు. 2017 నుంచి రైజెన్‌లు వాడుతున్న ఏఎం4 సాకెట్టు చాలాకాలం కొనసాగింది, బోర్డు బయాస్ కొత్తదైతే పాత ప్రాసెసర్లు, కొత్త ప్రాసెసర్లు చాలావరకు కూర్చుంటాయి. 2022లో వచ్చిన ఏఎం5 డీడీఆర్5తో మాత్రమే నడుస్తుంది.

ఇక కొత్తదా, సెకండ్ హ్యాండా అన్న ప్రశ్న. ఎనిమిదో తరం నుంచి పైవాటికి, ఏఎం4కు పేరున్న కంపెనీల కొత్త బోర్డు దొరికితే దాన్నే కొనమంటాను. మన దేశంలో వీటికి సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటుంది, ఆ మూడేళ్లు ఉప్పుగాలి ఊళ్లో చిన్న విషయం కాదు. మూడో, నాలుగో తరాల దగ్గర మాత్రం నా సలహా తారుమారు. పెద్ద కంపెనీలు ఆ బోర్డుల తయారీ ఎప్పుడో ఆపేశాయి. ఇప్పుడు కొత్త పెట్టెలో వచ్చే హెచ్61, హెచ్81 బోర్డుల్లో చాలావాటి మీద పాత బోర్డుల నుంచి ఊడదీసిన చిప్‌సెట్లే ఉంటాయి. పెట్టె కొత్తది, పీసీబీ (భాగాలు అతికించే పలక) కొత్తది, గుండెకాయ మాత్రం పాతది. పైగా వాటిలో ప్రాసెసరుకు విద్యుత్తు ఇచ్చే భాగం పలుచగా ఉంటుంది, ఐ3కి సరిపోయినా ఐ7 పెడితే వేడెక్కిపోతుంది. అందుకని ఆ తరాలకు, మంచి కంపెనీ తయారుచేసిన, ఏసీ ఆఫీసులో నడిచిన సెకండ్ హ్యాండ్ బోర్డు ఈ కొత్తదానికంటే మేలు.

సెకండ్ హ్యాండ్ బోర్డు కొనేటప్పుడు ప్రాసెసరు కింద చూడకుండా డబ్బులివ్వకండి. ఇంటెల్ సాకెట్టులో కాళ్లు బోర్డు మీదే ఉంటాయి, వాటిలో ఒక్కటి వంగినా ఒక ర్యామ్ స్లాటు పనిచేయకపోవచ్చు, అసలు ఆన్ కాకనే పోవచ్చు. సెల్‌ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టి ఏటవాలు వెలుగులో చూస్తే వంగిన కాలు వరుస తప్పి మెరుస్తుంది. తరువాత మీ ప్రాసెసరు, మీ ర్యామ్ అక్కడే పెట్టించి, రెండు ర్యామ్ స్లాట్లూ, అన్ని యూఎస్‌బీ పోర్టులూ, నెట్‌వర్కూ పరీక్షించమనండి. బోర్డును తిప్పి వెనుకవైపు కూడా చూడండి. అక్కడ జిగురు మరకలు, చేత్తో వేసిన సన్నని తీగలు ఉంటే అది ఒకసారి రిపేరుకు వెళ్లొచ్చిన బోర్డు.

డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి కంపెనీల రెడీమేడ్ డెస్క్‌టాప్‌లకు ఈ లెక్కలేవీ పూర్తిగా వర్తించవు. వాటిలో చాలావాటికి 24 పిన్నుల మామూలు పవర్ కనెక్టరు ఉండదు, ముందువైపు బటన్ల తీగ కూడా ఆ కంపెనీదే. బోర్డు కొలతలు మామూలు క్యాబినెట్‌కు కుదరవు. బజారు బోర్డు పెట్టాలంటే క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ రెండూ మార్చాల్సి వస్తుంది. అదే మోడల్ బోర్డు సెకండ్ హ్యాండ్‌లో వెతకడం ఒక్కటే వీటికి గిట్టుబాటు.

అంతా మార్చేయాలనిపిస్తే

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 (భద్రతా తాళాలను దాచే ఏర్పాటు), యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా బయాస్), ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ పైది, ఏఎండీలో చాలావరకు రైజెన్ 2000 శ్రేణి లేదా ఆ పైది కావాలి. ఇదే మన లెక్కలో గీత. బ్యాంకు పనులు, జీఎస్‌టీ రిటర్నులు, పిల్లల చదువు జరిగే కంప్యూటరులో ఏడో తరమో అంతకంటే పాతదో ప్రాసెసరుంటే, బోర్డు మీద పెట్టే ప్రతి రూపాయీ కాలం తీరుతున్న వస్తువు మీద పెట్టినట్టే. లినక్స్ వాడేవారికి, ఇంటర్నెట్‌కు కలపని యంత్రాలకు ఈ గీత వర్తించదు. అలాంటి యంత్రంలో ఐ5 నాలుగో తరం ఇంకా చక్కగా పనిచేస్తుంది, ఒక సెకండ్ హ్యాండ్ బోర్డుకు అది అర్హమే.

కానీ మార్పుకు తొందరపడనివ్వని మరో సంగతి ఉంది. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, మెమరీ తయారీదారులు ఏఐ సర్వర్లకు కావలసిన రకాల వైపు ఉత్పత్తిని మళ్లించడం దీనికి ప్రధాన కారణం. అంతకుముందు బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మూడింటిలో అతి చవకైనది ర్యామ్. ఇప్పుడు ఉన్న ర్యామ్‌ను నిలబెట్టుకోవడమే పెద్ద పొదుపు. అందువల్ల మీ దగ్గర పదహారు జీబీ డీడీఆర్4 ఉంటే, ఏఎం5 వైపో డీడీఆర్5 ఇంటెల్ వైపో వెళ్లడం కంటే, డీడీఆర్4 తీసుకునే హెచ్610 బోర్డుతో పన్నెండో తరం ఐ3 లేదా ఐ5, లేదంటే ఏఎం4 బోర్డుతో రైజెన్ 5000 శ్రేణి ప్రాసెసరు ఎంచుకోవడం తెలివైన మార్గం. డీడీఆర్3 మాత్రమే ఉన్నవారికి ర్యామ్ ఎలాగూ కొత్తది కొనాలి. అయినా ఇంటి పనికి, ఆఫీసు పనికి డీడీఆర్4 వ్యవస్థే సరిపోతుంది, అయిదారేళ్లలో మళ్లీ ప్రాసెసరు మార్చాలనుకునేవారు మాత్రమే ఏఎం5 గురించి ఆలోచించాలి.

ఈ దారిలో వెళ్లేవారు ప్రాసెసరు పేరు చివరి అక్షరం చూడాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, కనుక విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివారు దాన్ని కొంటే మానిటరుకు సిగ్నలే రాదు. రైజెన్ 5000 శ్రేణిలో చివర జీ, జీఈ, జీటీ ఉన్నవాటికే గ్రాఫిక్స్ ఉంటుంది. పదమూడు, పద్నాలుగు తరాల ప్రాసెసరును హెచ్610 బోర్డు మీద పెట్టేటప్పుడు, లేదా రైజెన్ 5000ను పాత బీ450 మీద పెట్టేటప్పుడు బయాస్ ఏ వెర్షనుదో షాపులోనే చూపించమనాలి. పాతదైతే వారే అప్‌డేట్ చేసి ఇవ్వాలి.

పాత బోర్డు విప్పకముందు

బోర్డు ఇంకా అప్పుడప్పుడు ఆన్ అవుతూ ఉంటే, ఆ అవకాశాన్ని డేటా తీసుకోవడానికి వాడుకోండి. ఆ తరువాత చూడవలసింది బిట్‌లాకర్, అంటే విండోస్‌లో డిస్కుకు తాళం వేసే ఏర్పాటు. విండోస్ 11 ఉన్న చాలా కంప్యూటర్లలో డిస్కు ఎన్‌క్రిప్షన్ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. దాని తాళం పాత బోర్డులోని టీపీఎంతో ముడిపడి ఉంటుంది కనుక, కొత్త బోర్డు మీద డిస్కు పెట్టగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులోకి ఫోను నుంచి వెళ్లి ఆ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి. ఆ కీ లేకపోతే డిస్కులోని ఫైళ్లు ఎవరూ తెరవలేరు, ఏ డేటా రికవరీ షాపూ తెరవలేదు. ఈ ఒక్క జాగ్రత్త కోసం బోర్డు మార్పు ఒక రోజు ఆలస్యమైనా పరవాలేదు.

విండోస్ లైసెన్సు సంగతి కూడా పోలికలోకి తీసుకోవాలి. కంప్యూటరుతో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు పాత బోర్డుకే కట్టుబడి ఉంటుంది, విడిగా కొన్న రిటైల్ లైసెన్సును కొత్త బోర్డుకు మార్చుకోవచ్చు. ముందుగా దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంటుకు జతచేసి ఉంటే యాక్టివేషన్ సులువవుతుంది. అంటే ఓఈఎం లైసెన్సున్నవారు వేరే బోర్డు కొంటే విండోస్ ఖర్చు కూడా కలుపుకోవాలి, రిపేరు చేయిస్తే అది మిగులుతుంది. ట్యాలీ వంటి సాఫ్ట్‌వేర్ల లైసెన్సు కూడా యంత్రానికి ముడిపడి ఉంటుంది, పాత కంప్యూటరు ఆన్ అవుతుండగానే దాన్ని సరెండర్ చేసుకుంటే (ఆ యంత్రం నుంచి విడిపించుకుంటే) తరువాత తిప్పలుండవు.

పాత విండోస్‌ను అలాగే కొత్త బోర్డు మీద నడపాలనుకుంటే రెండు అడ్డంకులొస్తాయి. పాత బయాస్‌లో డిస్కు కంట్రోలరు ఏహెచ్‌సీఐ మోడ్‌లో ఉందా, రెయిడ్ మోడ్‌లో ఉందా చూసి కొత్తదానిలోనూ అదే పెట్టాలి, లేకపోతే నీలి తెర వస్తుంది. పాత పద్ధతిలో ఎంబీఆర్ డిస్కు మీద వేసిన విండోస్ అయితే, ఇటీవలి చాలా బోర్డులు దాన్ని బూట్ చేయవు. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ సాధనంతో ముందుగా మార్చుకోవాలి. ఇంత గొడవ ఎందుకనుకుంటే, తరం మారేవారు విండోస్ కొత్తగా వేసుకోవడమే శుభ్రమైన పని.

షాపులో, ఇంట్లో

కొత్త బోర్డు ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లు తీసుకోండి. కంప్యూటరు భాగాల మీద 18 శాతం జీఎస్‌టీ ఉంది కనుక బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఆశగానే ఉంటుంది, కానీ మూడేళ్ల వారంటీని ఆ తగ్గింపుకు అమ్ముకున్నట్టవుతుంది. బిల్లు మీద బోర్డు సీరియల్ నంబరు ఉండాలి. వారంటీలో ఇచ్చినప్పుడు బోర్డును ఊళ్లోనే ఉన్న సర్వీసు కేంద్రంలో తీసుకుంటారా, బయటి ఊరికి పంపుతారా అని కూడా అడగండి. రోజూ కంప్యూటరు మీదే బతికే చిన్న వ్యాపారికి, కాస్త ఎక్కువ ధర చెప్పినా ఊళ్లో సర్వీసు ఉన్న కంపెనీ బోర్డే మేలు. ఆన్‌లైన్‌లో కొంటే ధర తగ్గవచ్చు. పెట్టె విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి, సాకెట్టు కాళ్లు కెమెరాకు కనిపించాలి, ఎందుకంటే వంగిన కాళ్లను తయారీ లోపంగా తరువాత ఎవరూ ఒప్పుకోరు. సాకెట్టు మీద వచ్చే నల్లని ప్లాస్టిక్ మూతను పారేయకండి. ఎప్పుడైనా బోర్డును వారంటీకి ఇవ్వవలసి వస్తే కాళ్లు వంగకుండా కాపాడేది అదే, అది లేనిదే బోర్డు తీసుకోని చోట్లూ ఉన్నాయి.

బిగించే పనిలో రెండు మాటలు మాత్రం చెబుతాను. పాత బోర్డు ఏటీఎక్స్ కొలతది అయి కొత్తది దానికంటే చిన్నదైన మైక్రో ఏటీఎక్స్ అయితే, క్యాబినెట్‌లో బోర్డును ఎత్తి నిలబెట్టే ఇత్తడి మేకులు కొన్ని కొత్త బోర్డుకు రంధ్రం లేని చోట మిగిలిపోతాయి. వాటిని తీయకపోతే అవి బోర్డు వెనుక తగిలి షార్ట్ చేస్తాయి, మరో బోర్డు కొనుక్కోవాల్సి వస్తుంది. ఏఎం4 ప్రాసెసరు కూలర్‌ను చల్లగా ఉన్నప్పుడు పీకితే ప్రాసెసరు కూడా దానితో ఊడి వచ్చి కాళ్లు వంగుతాయి. కంప్యూటరు ఆన్ అయ్యే స్థితిలో ఉంటే కాసేపు నడిపి, ప్రాసెసరుకూ కూలర్‌కూ మధ్యనున్న పేస్టు వేడెక్కాక, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి.

బోర్డు మారిన రోజునే ఎస్‌ఎంపీఎస్‌ను, ఎర్తింగ్‌ను చూసుకోవాలి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌లో పెట్టి నడిపే ఇళ్లలో క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా షాక్ కొడుతుంది, ఆ విద్యుత్తుకు నేలలోకి దారి లేక యూఎస్‌బీ పరికరాల గుండా, నెట్‌వర్క్ తీగ గుండా దారి వెతుక్కుంటుంది. ఎస్‌ఎంపీఎస్ అయిదారేళ్లు పైబడినదైతే, పేరు తెలియని కంపెనీదైతే కొత్త బోర్డుతో పాటు దాన్నీ మార్చండి. బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మూడూ మార్చేవారు పాత ప్రాసెసరును, ర్యామ్‌ను పనిచేస్తుండగానే అమ్ముకోవచ్చు, వాటి కోసం వెతికేవారు ఈ ఊళ్లోనే ఉంటారు. చిలుము పట్టిన పాత బోర్డును మాత్రం చెత్తబుట్టలో వేయక ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.